ఆదివారానికింత కురచైన కుర్చీ

నేను ఒక కుర్చీని. ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్లు పీట అనుకుంటారు. పీటని కాదు. ఇనప పైపులతో చేసిన కుర్చీని. కూర్చోడానికి రేకుంది, వీపు ఆనించడానికి రేకుంది. కాళ్లే జానెడున్నాయి. ఒకప్పుడు అన్ని కుర్చీలకీ ఉన్నంత ఉండేవి.

ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. నన్ను వాడుకున్న మనిషికీ లేదు. జరిగింది చెప్తాను.

నన్ను చేసినవాడు దాలయ్య. దిమిలిపేట బస్టాండు వెనక అతనికి వెల్డింగు షాపుంది. షామియానా సప్లై చేసే ఆసామి పురమాయిస్తే వరసగా కుర్చీలు చేసుకుపోతున్నాడు. నా వంతు వచ్చేసరికి రోడ్డు మీద ఇద్దరు కొట్టుకుంటున్నారు. దాలయ్యకి పనంటే ఇష్టమే. పక్కవాళ్ల కొట్లాటంటే ఇంకా ఇష్టం. అటు చూస్తూ ఇటు కోశాడు. నా ముందరి ఎడమ కాలు వేలెడు తగ్గింది. తర్వాత చూసుకుని, రంగు వేస్తే కనపడదులే అన్నాడు. రంగు వేశాక నిజంగానే కనపడలేదు. కూర్చున్నవాళ్లకి మాత్రం తెలిసేది.

సప్లై కంపెనీలో చాలా ఏళ్లున్నాను. ఉదయం పెళ్లికి వెళ్లి సాయంత్రం పెద్దకర్మకి వెళ్లిన రోజులున్నాయి. రెండు చోట్లా వంట బాగోలేదనే అనుకునేవారు. రాజకీయం మీటింగైతే వెనక వరసకి ఎగబడేవారు, పాట కచేరీ అయితే ముందు వరసకి. నా మీద కూర్చున్నవాడు కాసేపు ఇటూ అటూ ఊగి, ఎవరూ చూడకుండా నన్ను పక్కవాడి కిందికి జరిపి, పక్కవాడి కుర్చీ తను లాక్కునేవాడు. పెద్ద పెద్దవాళ్లే చేసేవారు ఆ పని. మొహమాటం అన్నది నిలబడి ఉన్నప్పుడేనని నాకప్పుడు తెలిసింది.

నా మీద కూర్చున్నవాళ్ల మొహాలు నాకు కనపడవు. నాకు తెలిసిందల్లా బరువు. కంగారుగా ఉన్నవాడు అంచు మీద కూర్చుంటాడు. ఓడిపోయినవాడు వెనక్కి జారగిలబడతాడు. అబద్ధం చెప్పేవాడు అస్తమానం పక్కలు మారుస్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ప్లాస్టిక్ కుర్చీలొచ్చాక మమ్మల్ని పాత ఇనుముకి తోలేశారు. గోడౌనుకి కాపలా ఉండే గంగునాయుడు ఒక్క కుర్చీ ఉంచేయమన్నాడు. అతను రోజూ కూర్చునేది నా మీదే. అలా బతికిపోయాను.

గంగునాయుడు మొదట్లో జూట్ మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడింది. గేటుకి తాళం, తాళానికి తుప్పు. మిగిలింది మిల్లు గ్రౌండు, మిల్లు వాలీబాల్ జట్టు. జట్టులో ఇప్పుడు మిల్లు మనిషంటూ ఒక్కడూ లేడు, అందరూ మిల్లు మనుషుల కొడుకులు. ఒకడు టైలరు, ఒకడు ఆటో, ఒకడు కొబ్బరికాయల యార్డులో లోడింగు. బనీను మీద మాత్రం ‘మిల్లు’ అని ఉంటుంది.

ఇంట్లో గంగునాయుడు నోరు విప్పడు. అన్నం అంటే ఊఁ, కూర అంటే ఊఁ. భార్య పారమ్మ మాటలన్నీ తనే ఆడి, జవాబులూ తనే చెప్పుకునేది. ఆదివారం గ్రౌండులో నా మీద కూర్చున్నాడా, ఇక గొణుగుడే గొణుగుడు. సర్వీసు ఎటు వెయ్యాలో, ఎవడు వెనక్కి జరగాలో, రిఫరీ తండ్రి ఎలాంటి మనిషో, అన్నీ చెప్పేవాడు. ఆ మాటలు వినేది నేనూ, పక్కనే గోనెపట్టా మీద కూర్చునే అతని బావ జోగులూ. జోగులు వినేవాడు కాదు, తనూ మాట్లాడుతుండేవాడు.

ఊరి లీగు దీపావళి వెళ్లాక మొదలై ఉగాది ముందు ముగుస్తుంది. ఆదివారం ఆదివారం ఆట. అడుగున నిలిచిన జట్టుకి మరుసటేడు చోటుండదు. పక్క మండలం జట్టొకటి నోరు తెరుచుకుని కాచుకుని ఉంటుంది.

ఆ ఏడు మొదటి ఆట బస్సు డిపో జట్టుతో. డిపో వాళ్ల చేతిలో ఓడిపోవడం మిల్లు వాళ్లకి అలవాటైన పని. నా పొట్టి కాలు కింద పెట్టే ఇటుక పెచ్చుని ఆ రోజు గంగునాయుడు మర్చిపోయాడు. లెక్క రాసే రేకు బల్ల వెనకాల, కరెంటు స్తంభం నీడలో నన్ను వేసి, ఆటంతా ఊగుతూనే కూర్చున్నాడు. మిల్లు జట్టు గెలిచింది.

మళ్లీ ఆదివారం ఇటుక పెచ్చు తెచ్చాడు. జోగులు అది లాక్కుని కాలవలోకి విసిరేశాడు. సెంటిమెంటు బావా అన్నాడు. ఊగుతూ చూశారు. గెలిచింది.

అంతే. ఆ రోజు నుంచి నాకు చోటు ఖాయమైపోయింది. స్తంభం పక్కన నా కాళ్లు దిగిన నాలుగు గుంటల్లోనే నన్ను వెయ్యాలి. అంగుళం జరపకూడదు. గంగునాయుడు తప్ప ఎవరూ కూర్చోకూడదు. కెప్టెన్ సింహాద్రికి మాత్రం మినహాయింపు, బూట్లు కట్టుకోవడానికి. చలికాలమంతా మిల్లు గెలుస్తూనే ఉంది. పట్టికలో పైనుంది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నన్ను ముట్టుకుని కళ్లకద్దుకునేవారు. ఈ జట్టుకి లిఫ్టరు సింహాద్రి, నెట్టు పక్కన నిలబడి స్మాష్ కొట్టేవాడికి బంతి అందంగా పైకి లేపి ఇచ్చేవాడు. గెలిపించేది అతనని నాకు తెలుసు. అతనికీ తెలుసేమో. పేరు మాత్రం నాకొచ్చింది. కాదనే నోరు నాకు లేదు.

చలి తగ్గుముఖం పట్టాక దాలయ్యకి నా మీద మనసు పుట్టింది. తన చేతి పని ఇంత పేరు తెచ్చుకుంది గదా, దాని కాలు అలా ఉండడం ఏం బాగుంటుందని, శనివారం గంగునాయుడు లేని టైములో వచ్చి పొట్టి కాలికి ముక్క అతికించి పోయాడు. ఆదివారం నేను కదలకుండా, గుడిలో విగ్రహంలా నిలబడ్డాను. చేపల రేవు జట్టు మిల్లుని చిత్తు చేసింది.

దాలయ్యని కొట్టలేదు గానీ, కొట్టడమే నయమన్నంత మాటలన్నారు. జోగులైతే, “ఒరే, పున్నెం సేద్దామనుకున్నోడివి అడిగి సెయ్యాలి గదరా” అన్నాడు.

ఆ గొడవ జరుగుతుండగా సింహాద్రి వచ్చి నా మీద కూర్చున్నాడు, బూట్లు విప్పడానికి. బరువంతా కుడిపక్కే పడింది. ఎడం కాలు చాపి ఉంచాడు, ముడవలేదు. లేచేటప్పుడు నా వీపు రేకు మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి లేచాడు. మోకాలు పోయిందని అర్థమైంది. ఆ వారమే కొబ్బరికాయల యార్డులో లారీ మీద నుంచి దూకి పడ్డాడని తర్వాత తెలిసింది. నా కాలు గురించి అరుచుకుంటున్న వాళ్లలో ఒక్కడూ అటు చూడలేదు.

మరుసటి ఆదివారం సింహాద్రి నిక్కరు మానేసి పొడుగు ప్యాంటు వేసుకొచ్చాడు. కెప్టెనన్నాక ఆ మాత్రం దర్జా ఉండాలని జోగులు మెచ్చుకున్నాడు.

దాలయ్య అతికించిన ముక్క దాలయ్యే కోశాడు. కోపంలో ఉన్నాడు గదా, ఇంకొంచెం లోపలికే కోశాడు. ఆట ఓడిపోయారు. జోగులు నా మీద కూర్చుని ఊగి చూసి, ఇది పాత ఊగుడు కాదు, ఎక్కువైపోయిందని తేల్చాడు. తక్కిన మూడు కాళ్లూ కోయించారు. ఓడిపోయారు. ఇప్పుడు ఊగుడు తక్కువైందన్నారు. మళ్లీ ఒకటి కోశారు. ఓడిపోయారు. కుడిపక్కకి ఊగుతోంది, ఎడమకి ఊగాలి అన్నారు. కోశారు. శనివారం వస్తే దాలయ్య షాపులో నిప్పురవ్వలు, ఆదివారం వస్తే గ్రౌండులో ఓటమి. దాలయ్య ఎంత కోపిష్టి అయినా కోసేటప్పుడు మాత్రం రోడ్డు వైపు చూడటం మానేశాడు. పాపం, జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ పని చేసి ఉండడు.

ప్రతి ఆదివారం సింహాద్రి నా మీద కూర్చునేవాడు. నేను కురచైన కొద్దీ అతను లేవడం కష్టమైంది. చెయ్యి మరింత గట్టిగా ఆనేది. ఒకసారి పక్కన ఎవరూ లేరనుకుని, “అమ్మా” అన్నాడు. కుర్చీకి చెప్పుకుంటే ఎవరికి తెలుస్తుంది?

నాకొచ్చిన పేరు నా మీదికే తిరిగింది. కళ్లకద్దుకున్నవాళ్లే నన్ను దాటిపోతూ కాలితో తన్నారు. నిమ్మకాయలు కట్టారు. ఒకాయన వేపమండలతో కొట్టాడు. జట్టులో లోపాల గురించి కూడా మాట్లాడారు, లేదనను. స్మాష్ కొట్టేవాడికి పెళ్లయింది, అందుకని దెబ్బలో బలం లేదన్నారు. బంతి కొత్తది, అందుకని జారిపోతోందన్నారు. సింహాద్రి ఇచ్చే బంతి నెట్టుకి దూరంగా, చేతికందకుండా పోతోందని ఒకరిద్దరు అన్నారు గానీ, గాలి మారింది గదా అని వాళ్లే సర్దుకున్నారు. అందరి కళ్లూ బంతి మీద. బంతేమో ఆకాశంలో. నేల మీద ఏం జరుగుతోందో చూసే తీరిక ఎవరికుంది?

ఇంట్లో పారమ్మ నన్ను చూసి నవ్వేది. “ఇంకో రెండు వారాలు కోయించు. పీటైపోద్ది. కూకుని సేపలు తోముకుంటాను” అనేది. గంగునాయుడు ఊఁ కూడా అనలేదు.

గొణుగుడు కూడా తగ్గింది. పైనున్న జట్టు మెట్టు మెట్టూ దిగి, అడుగుకి వచ్చేసింది. ఆఖరి ఆట ఐటీఐ జట్టుతో. ఐటీఐ, మిల్లు, రెండూ అడుగునే. ఓడినవాడు లీగులోంచి పోతాడు. ఆ ముందురోజు పొద్దు వాలాక గంగునాయుడు వాకిట్లో నా మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. పారమ్మ బియ్యం ఏరుకుంటోంది. ఎవరితో అంటున్నాడో తెలీకుండా అన్నాడు.

“గేటు పోయింది. సైరను పోయింది. ఈ జట్టూ పోతే, మిల్లన్న మాట ఎవుడి నోటా రాదు.”

పారమ్మ చేట ఆపింది. ఏదో వేళాకోళం ఆడబోయి, ఆడలేదు.

ఆదివారం గ్రౌండు నిండిపోయింది. నన్ను నా గుంటల్లోనే వేశారు. ఇక్కడే ఒక చిక్కొచ్చింది. నా ముందు లెక్క రాసే రేకు బల్ల ఉంది. ఇదివరకు గంగునాయుడు దాని మీదుగా చూసేవాడు. ఇప్పుడు నేను జానెడే ఉన్నాను. కూర్చుంటే అతని కళ్లు బల్ల రేకుకి సరిగ్గా ఎదురుగా వచ్చాయి. ఆట కనపడదు. పక్కకి జరుగుదామంటే సెంటిమెంటు. లేచి నిలబడదామంటే కుర్చీ ఖాళీ అవుతుంది, అదీ సెంటిమెంటే. మెడ వంచి బల్ల కింద నుంచి చూడటం మొదలుపెట్టాడు.

బల్ల కింద నుంచి బంతి కనపడదు. చేతులు కనపడవు. నెట్టు అడుగు, దాని కింద కాళ్లు. కాళ్లు మాత్రమే.

ఊరంతా మొహాలు పైకెత్తి అరుస్తోంది. గంగునాయుడు ఒక్కడే తల దించుకుని చూస్తున్నాడు. మొదట్లో విసుగ్గా అటూ ఇటూ కదిలాడు. కాసేపటికి కదలడం మానేశాడు. బరువు ముందుకి, అంచు మీదకి వచ్చింది. ఎగిరిన ప్రతిసారీ అందరి కాళ్లూ రెండు రెండుగా నేలకి దిగుతున్నాయి. ఒక జతలో మాత్రం ఒక్కటే దిగుతోంది. కుడిది. ఎడమది వేళ్ల కొసల మీద నిలబడి, మడమ నేలకి ఆనటం లేదు. పొడుగు ప్యాంటు కింద.

మొదటి సెట్టు పోయింది. మూడు సెట్ల ఆటలో ఇక ఒకటి పోతే అన్నీ పోయినట్టే.

గంగునాయుడు లేచాడు. నన్ను గుంటల్లోంచి పీకి చంకలో పెట్టుకున్నాడు.

జోగులు నా కాలు పట్టుకుని వెనక్కి లాగాడు. “బావా, ఏటి సేస్తన్నావు? కదపకు. బావా, కాళ్లు పట్టుకుంటాను” అన్నాడు. పట్టుకున్నది నా కాలే. గంగునాయుడు విదిలించుకుని బల్ల దాటి, గీత దాటి, నీళ్లు తాగుతున్న జట్టు మధ్యకి వెళ్లి నన్ను సింహాద్రి ముందు పెట్టాడు.

“కూకో.”

“ఇప్పుడేటి మావా, సెట్టు మొదలైపోద్ది.”

“కూకో.”

సింహాద్రి కూర్చున్నాడు. ఆ బరువు నాకు కొత్త కాదు. అంతా కుడిపక్కే.

“సెయ్యి ఆన్చకుండా లెగు.”

సింహాద్రి నవ్వబోయాడు. జట్టు చూస్తోంది, గ్రౌండు చూస్తోంది. లేవడానికి ముందుకి వంగాడు. కుడికాలు బిగిసింది, ఎడమకాలు వణికింది. జానెడు ఎత్తు నుంచి లేవాలంటే రెండు మోకాళ్లూ ఉండాలి. ఇంకోసారి వంగాడు. నా మీదే చతికిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా నా వీపు వెతికింది. గంగునాయుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఎన్నాళ్లయింది?”

“సేపల రేవు ఆట కాడి నుంచి.”

“మరి సెప్పవేట్రా?”

“నాను కూకుంటే లిఫ్టరెవుడు మావా? జట్టు పోద్ది గదా.”

“నువ్వు కూకోకే పోతంది.”

అంతకన్నా పెద్ద మాట గంగునాయుడు ఆ రోజు ఆడలేదు. వంగి ప్యాంటు మోకాలి దాకా జరిపాడు. కొబ్బరి బొండాంలా ఉబ్బి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని ఆదివారాలు ఏ కాలు చూశారో, ఏ కాలు చూడలేదో వాళ్లకి అప్పుడు తెలిసుంటుందని నేననుకున్నాను.

జోగులు గొంతు సవరించుకున్నాడు. “సూసినారా? నాను సెప్పలేదా? దాలయ్య కుర్చీ కాలు ముట్టుకున్న వారమే ఈడి కాలు పోయింది.”

అందరూ తలలూపారు. అవునన్నారు. దాలయ్య కూడా ఊపాడు.

మనుషుల గురించి నాకున్న ఆశలన్నీ ఆ రోజుతో సర్దుకున్నాయి.

టైలరు కిట్టప్పని లోపలికి పంపారు. ఏళ్ల తరబడి అతను జట్టుకి నీళ్లు అందించడం, బనీన్లు కుట్టడం తప్ప ఆడింది తక్కువ. సింహాద్రి గీత పక్కన నా మీదే కూర్చున్నాడు, కాలు చాపుకుని. అతని ప్రతి కేకా నా రేకులో మోగేది. ఎత్తి ఇయ్యి. ఇంకాస్త ఎత్తు. కంగారు పడకు, బంతి నీ కాడికే వస్తది. గంగునాయుడు అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి బంతీ, చేతులూ, కాళ్లూ అన్నీ కనపడుతున్నాయి. మళ్లీ గొణుగుడు మొదలైంది. రిఫరీ తండ్రి దాకా వెళ్లింది.

రెండో సెట్టు గెలిచారు. మూడో సెట్టు చివరిదాకా సరిసమానంగా నడిచింది. కిట్టప్ప లేపిన ఆఖరి బంతి వంకరగా పోయింది. కొత్తగా పెళ్లయినవాడు ఎలా అందుకున్నాడో అందుకుని కొట్టాడు. ఐటీఐ వాళ్లు అది అవతల పడుతుందని వదిలేశారు. గీత మీద పడింది. మిల్లు జట్టు మిగిలింది.

ఎవరిని ఎత్తుకున్నారనుకుంటున్నారు? కిట్టప్పని కాదు. సింహాద్రిని కాదు. కాళ్లు చూసిన గంగునాయుడిని అసలే కాదు. నన్ను. నెత్తి మీద పెట్టుకుని బస్టాండు దాకా ఊరేగించారు. సెంటిమెంటు కొంచెం మార్చుకున్నారు: కుర్చీని కదిపారు కాబట్టి గెలిచామన్నారు. కదపొద్దని కాలు పట్టుకున్న జోగులే ఆ మాట ముందుగా అన్నాడు.

మిల్లు పాత క్యాంటీను గదిలో జట్టు సామాన్లుంటాయి. ఆ గోడకి పెద్ద మేకు కొట్టి నన్ను తగిలించారు. కాళ్లకి పసుపు, వీపుకి బొట్టు, మీద శాలువా. ఎవరూ కూర్చోకూడదు, కూర్చుంటే అరిష్టమన్నారు. కూర్చోడానికి పుట్టినదానికి ఇంతకన్నా సత్కారం ఏముంటుంది? మర్నాడు పారమ్మ గంగునాయుడికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనిచ్చింది. ఎత్తుగా ఉంటుంది, ఊగదు. అందులోంచి చూస్తే అందరికీ కనపడేదే కనపడుతుంది.

వేసవి పోయింది, వానలు పోయాయి. మేకు మీద నుంచి నాకు దుమ్ము తప్ప మరో బరువు తగల్లేదు. సింహాద్రికి విశాఖలో మోకాలు కోసి కుట్టారనీ, కర్రతో నడుస్తున్నాడనీ వినపడేది. ఆ తర్వాత కర్ర మాట వినపడలేదు.

దీపావళి వెళ్లిన వారం ఒక ఉదయం, గది ఊడవడానికి గంగునాయుడు వచ్చాడు. వెనకే సింహాద్రి. నిక్కరు వేసుకున్నాడు. మోకాలి మీద గాటు జెర్రిలా కనపడుతోంది.

“దించు మావా” అన్నాడు.

గంగునాయుడు తలుపు వైపు చూశాడు. జోగులు ఉన్నాడేమోనని. లేడు. శాలువా తీసి బల్ల మీద పెట్టాడు. నన్ను దించి గచ్చు మీద వేశాడు.

సింహాద్రి కూర్చున్నాడు. బరువు రెండు పక్కలా పడింది. చాలా రోజులకి నేను కుర్చీనయ్యాను. అతను ముందుకి వంగాడు. నా వీపు రేకు చెయ్యి కోసం కాచుకుని ఉంది.

చెయ్యి రాలేదు.

గంగునాయుడు ఎదురుగా నిలబడి ఆ కాళ్లనే చూస్తున్నాడు.

“మళ్లీ” అన్నాడు.

మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

నన్ను తీసుకెళ్లి మేకుకి తగిలించారు.